రాగి చట్రంలో పాడి ఆవులు

ఆవు వెనకాల పీట వేసుకుని కూర్చున్నాడతను. పక్కన కాదు, సరిగ్గా వెనకాలే. మన ఊళ్ళలో ఎవరూ అలా కూర్చోరు. ఆవు పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మధ్య చెంబు ఇరికించుకుని పిండడమే మనకు తెలుసు. అతను మాత్రం నిబ్బరంగా చేతులు రెండూ పొదుగు కిందికి చాచాడు. ఆవు మూతి దగ్గర దూడ నిలబడి ఉంది. దూడ కళ్ళెదుట లేకపోతే ఆవు చేపదన్న సంగతి, నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఆ రాయి చెక్కినవాడికి తెలుసు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాడే అయి ఉంటాడు.

దృశ్యం నడిమధ్యన రెల్లుతో కట్టిన పశువుల కొట్టం. దాని వాకిట్లోంచి ఇటొకటి, అటొకటి పశువులు సగం బయటికి వచ్చాయి. మిగతా సగం ఇంకా కొట్టంలో చీకట్లోనే ఉందని మనకు మనమే అనుకుంటాం. చెక్కనిదాన్ని కూడా చూపించగలిగాడు శిల్పి. మన ఆలంకారికులు కావ్యంలో ధ్వని అన్నది రాతిలో ఇలాగే ఉంటుంది. కొట్టానికి రెండో పక్క గుండు తలల మనుషులు పనిలో ఉన్నారు. ఒకడు సన్నమూతి కూజాను ఒరగేసి ఊపుతున్నాడు, వెన్న తియ్యడానికి. కవ్వం లేదు, తాడు లేదు, స్తంభం లేదు. అయినా ఆ భుజాల వంపు చూస్తూ ఉంటే తెల్లవారుజామున వంటింట్లోంచి వచ్చే చల్ల చిలికే చప్పుడు చెవిన పడుతుంది. ఇంకో ఇద్దరు పాలు వడపోస్తున్నారు. తెల్ల సున్నపురాయి బొమ్మలు, వెనక నల్లటి నేల, అంచులకు రాగి పట్టీలు. ఆ మూడు రంగులతోనే ఒక పొద్దుటి పూట మొత్తం మన ముందుకు వచ్చేస్తుంది. ఎవరూ తొందరపడటం లేదు. ఎవరూ మనవైపు చూడటం లేదు. శాంత రసానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇరాక్ దక్షిణాన, ప్రాచీన ఊర్ నగరం దగ్గర అల్ ఉబైద్ అనే చిన్న దిబ్బ ఉంది. అక్కడ నిన్‌హుర్సగ్ అనే అమ్మతల్లికి గుడి ఉండేది. ఈ రాతి బొమ్మల పట్టీ ఆ గుడికి అలంకారం. ఆ తల్లి పాలు తాగి పెరిగామని సుమేరు రాజులు శాసనాల్లో చెప్పుకునేవారు. అమ్మవారి గుడి ముందు పాలు పిండే దృశ్యం చెక్కడంలోని ఔచిత్యాన్ని మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఈ పట్టీని నేను అచ్చులో మాత్రమే చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఒక మనిషి గుర్తొస్తుంది. ఇది ఓడెక్కి లండన్‌కో ఫిలడెల్ఫియాకో పోకుండా బాగ్దాద్‌లోనే ఆగిపోవడానికి కారణమైన మనిషి, గెర్ట్రూడ్ బెల్.

1924 మార్చి నెల. బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి పంపిన బృందం లియొనార్డ్ వూలీ నాయకత్వంలో ఊర్ పరిసరాల్లో తవ్వకాలు చేస్తోంది. ఆ ఏడాది పని ముగిసింది. దొరికినవాటిని తవ్వినవాళ్ళూ దేశమూ వాటాలు వేసుకోవాలి. ఇరాక్ తరఫున రైలెక్కి వచ్చింది బెల్. వయసు 55. ఇరాక్ పురావస్తు శాఖకు గౌరవ డైరెక్టర్. పంపకం ఎలా మొదలైందో ఆమె ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. ముందుగా ఒక బంగారు స్కారబ్, అంటే పురుగు ఆకారంలో చేసిన తాయెత్తు. అది ఎవరికి పోవాలి? బొమ్మా బొరుసూ వేశారు. ఎగరేసింది రూపాయి బిళ్ళ. మన రూపాయే. ఇరాక్‌ను పట్టుకున్న సైన్యంలో ఎక్కువమంది భారత సైనికులు. వాళ్ళ వెంట రూపాయి కూడా వెళ్ళింది. 1932లో దినార్ వచ్చేదాకా బాగ్దాద్ బజార్లో చెల్లుబాటైంది అదే. ఆ పొద్దుట రూపాయి ఆమె పక్షాన పడింది. స్కారబ్ ఇరాక్‌కు దక్కింది.

పాలు పిండే పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఆమె అదృష్టానికి వదిలిపెట్టలేదు. ఇటువంటిది ఇంకొకటి లేదు, ఈ దేశంలో మనుషులు అంత ప్రాచీన కాలంలో ఎలా బతికారో చూపిస్తున్నది ఇదే, కాబట్టి ఇది ఇక్కడే ఉండాలి అని పట్టుబట్టింది. వూలీకి గుండె పగిలినంత పనైంది. వూలీ ఆమె దేశస్థుడే, తెలిసినవాడే. ఎదురుచూస్తున్నది బ్రిటిష్ మ్యూజియం. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఈ హోదాలో తాను ఇరాక్ ఉద్యోగినని, తవ్వకాలకు అనుమతి ఇచ్చిన షరతులకు కట్టుబడి ఉండాల్సిందేనని ఉత్తరంలో రాసుకుంది.

ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. సామ్రాజ్యం జీతమిచ్చి పెట్టుకున్న మనిషి, సామ్రాజ్యం అడిగినదాన్ని కాదని ఆవుల్నీ దూడల్నీ వాటి ఊళ్ళో ఉంచింది.

ఈ చూపు ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1868లో ఇంగ్లండు ఉత్తరాన డర్హామ్ ప్రాంతంలో పుట్టింది. తాత లోథియన్ బెల్ ఇనుము కర్మాగారాల అధిపతి, డబ్బుకు లోటు లేదు. మూడేళ్ళు నిండకముందే తల్లి పోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆధునిక చరిత్రలో మొదటి తరగతి సాధించిన తొలి మహిళ ఆమే. ఆల్ప్స్ కొండలు ఎక్కింది. 1902లో ఫిన్‌స్టరార్‌హార్న్ మీద తుఫానులో చిక్కుకుని, రెండు రోజులకు పైగా తాడు మీదే గడిపి ప్రాణాలతో దిగింది. ఇవన్నీ జీవితచరిత్రలు రాసేవాళ్ళు ఆర్భాటంగా చెబుతారు. నా మటుకు ముఖ్యమైనది 1892లో టెహ్రాన్‌లో జరిగింది. అక్కడి బ్రిటిష్ రాయబార కార్యాలయంలో హెన్రీ కాడొగన్ అనే యువకుడు ఉండేవాడు. అతనూ ఆమె కలిసి పారశీక కవి హాఫిజ్‌ను చదివారు. పెళ్ళి చేసుకుంటామంటే ఆమె ఇంట్లో ఒప్పుకోలేదు. మరుసటి ఏడు అతను చనిపోయాడు. 1897లో ఆమె హాఫిజ్ అనువాదాలు పుస్తకంగా వచ్చాయి. పైకి మధువు, లోపల విరహం, ఇంకా లోపల దేవుడు. ఒకే మాటలో మూడు అంతస్తులుండే కవిని అనువదించిన మనిషికి శిథిలాన్ని చూడటం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. కూలిన గోడలో కట్టిన గోడను, కట్టిన గోడలో కట్టినవాడి మనసును చూడగలదు.

1909 మార్చిలో ఆమె ఉఖైదిర్ చేరింది. కర్బలాకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఎడారి మధ్యలో, ఊరూ వాడా లేని చోట ఎనిమిదో శతాబ్దపు అబ్బాసీ కోట. బయటి ప్రాకారం ఒక పక్క 175 మీటర్లు, ఇంకో పక్క అంతకు కాస్త తక్కువ. మూలలకు గుండ్రటి బురుజులు, గోడల పొడవునా కమానుల వరస, లోపల పెద్ద హాలు, నడవాలు, మసీదు. పదకొండు వందల ఏళ్ళ ఎండకు మాగిన గోడలు. జోఫ్ నుంచి వలస వచ్చిన అరబ్బు కుటుంబాలు అందులో కాపురముంటున్నాయి. బెల్ గుడారం వేసి, టేపు తీసింది.

ఇక్కడే దగ్గరగా చూడదగిన సంగతి ఒకటి ఉంది. కొలవడానికి సాయం పట్టిన అరబ్బులు భుజాన తుపాకీ దించరు. ఎడారిలో శత్రువు ఎప్పుడు వస్తాడో తెలియదు. టేపు లాగితే తుపాకీ గొట్టానికి చుట్టుకుంటుంది. విప్పి మళ్ళీ లాగితే మడమకు తగులుకుంటుంది. ఎంత బతిమాలినా ఒక్క క్షణం తుపాకీ కింద పెట్టరు. విసుక్కుంటూనే ఆమె కొలిచింది. గది గదినీ, స్తంభం స్తంభాన్నీ. ఒక చివర టేపు పట్టుకున్న తుపాకీ మనిషి, ఇంకో చివర పొడుగు గౌను, టోపీలో ఈవిడ, మధ్యలో పదకొండు శతాబ్దాల గోడ. ఆ చిత్రాన్ని మనసులో పెట్టుకుని ఆమె గీసిన ఉఖైదిర్ ప్లాన్ చూడండి. ఎక్కడా గీత వణకదు. గోడ ఎంత మందమో గీత అంత మందం. గోడ కూలిపోయిన చోట గోడ ఉందని గీత బుకాయించదు. భక్తి అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. పూలూ పత్రీ లేవు, కొలతలూ గీతలూ ఉన్నాయి.

ఆమెకంటే ముందు ఆ కోటను ఫ్రెంచి పండితుడు లూయీ మసీన్యోఁ 1908లోనే చూశాడు. జర్మన్ ఓస్కర్ రాయిటర్ పుస్తకం 1912లో వచ్చేసింది. ఆమె పుస్తకం 1914 దాకా వెలువడలేదు. తొలి ఖ్యాతి చేజారింది. ఇంకొకరైతే పుస్తకాన్ని మూలన పడేసేవాళ్ళు, లేకపోతే ముందొచ్చినవాణ్ణి ఆడిపోసుకునేవాళ్ళు. ఆమె జర్మన్ పుస్తకం మేలైనదని ముందుమాటలోనే ఒప్పుకుని తన పుస్తకం తను వేసుకుంది.

ఆమె ఫోటోల గురించి కూడా చెప్పాలి. సుమారు ఏడు వేలు ఉన్నాయి. ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి, ఉత్తరాలూ డైరీలతో సహా. 2017లో యునెస్కో ఆ భాండాగారాన్ని తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిని చూసే పద్ధతి ఒకటి ఉంది. గబగబా తిప్పెయ్యకూడదు. ఒక కమాను, దాని కింద ఒక మనిషి. మనిషి అక్కడ కొలతకోసం నిలబడ్డాడు. కానీ కాసేపు చూస్తే కమాను కొలబద్ద అయిపోతుంది, దానితో మనిషి ఆయుష్షు ఎంతో తెలిసిపోతుంది. 1900లో ఆమె సిరియాలోని పామైరా వెళ్ళింది. అక్కడి బేల్ దేవాలయాన్ని 2015లో పేల్చేశారు. రెండు వేల ఏళ్ళ గుడి ఒక్క రోజులో నేలమట్టమైంది. అందుకే ఇవాళ పామైరా పాత ఫోటోలు చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. తీసినప్పుడు అద్భుత రసంగా ఉన్న చిత్రం, మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోకుండానే కరుణ రసంగా మారిపోయింది.

ఇక రాజకీయం. దీన్ని పక్కకు నెట్టి ఆమెను మెచ్చుకోవడం సులువు. నాకు ఆ సులువు వద్దు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎడారి తెగలన్నీ పేరుపేరునా తెలిసిన మనిషి సైన్యానికి అక్కరకొచ్చింది. 1915 చివర్లో కైరో, మరుసటి ఏడు బస్రా, 1917లో బాగ్దాద్. అక్కడ ఆమెను ఖాతూన్ అనేవాళ్ళు, దొరసాని అన్నమాట. 1920లో ఇరాక్ జనం బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారు. విమానాలు పంపి బాంబులు వేసి ఆ తిరుగుబాటును అణిచేశారు. వేలమంది చచ్చిపోయారు. 1921 మార్చిలో ఇరాక్ సంగతి తేల్చడానికి కైరోలో చర్చిల్ సమావేశం. ఆగస్టు 23న హిజాజ్ నుంచి తెచ్చిన ఫైసల్‌కు బాగ్దాద్‌లో పట్టాభిషేకం. దాని వెనక ఆమె రేయింబవళ్ళ శ్రమ ఉంది. రాజుల్ని తయారుచేసే పని ఇంకెప్పుడూ పెట్టుకోనని ఆ రోజుల్లోనే ఇంటికి రాసింది. షియా మతపెద్దల్ని ఆమె నమ్మలేదు. కుర్దుల ఆశలు ఆ దేశపటంలో ఇమడలేదు. ఇంత స్వేచ్ఛగా బతికిన మనిషి ఇంగ్లండులో ఆడవాళ్ళకు ఓటు హక్కు వద్దన్న సంఘంలో పనిచేసింది కూడా.

1921 డిసెంబర్ మొదట్లో తండ్రికి రాసిన ఉత్తరం ఒకటి నన్ను వదలదు. ఆ పొద్దుట ఆఫీసులో కూర్చుని ఇరాక్ దక్షిణ ఎడారి సరిహద్దు తయారుచేశానని, పూట చక్కగా గడిచిందని రాసింది. ఏ బావి అనజా తెగది, ఏ బావి షమ్మర్ తెగది అని తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని గీసింది. అంటే గాలిలో గీసిన గీత కాదు. ఆమె పద్ధతి ఆమెది. అయినా ఉఖైదిర్ దగ్గర పదకొండు వందల ఏళ్ళ గోడ ఎదురుగా నిలబడి ఉంది. టేపు తప్పు చెబితే గోడ వెంటనే దిద్దుతుంది. బాగ్దాద్ ఆఫీసులో బల్ల మీద కాగితం ఉంది, దిద్దేవాళ్ళు లేరు. మేకల్ని తోలుకుని నీళ్ళ కోసం తిరిగే మనుషులు ఆ గదిలో లేరు. మరుసటి ఏడాదే గల్ఫ్ తీరాన ఉఖైర్‌లో బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ ఆ సరిహద్దును మళ్ళీ గీశాడు. అదే చెయ్యి, అదే శ్రద్ధ. ఒకచోట కళ అయింది. రెండో చోట ఇంకొకరి నేల మీద అధికారం అయింది. ఆమె జీవితాన్ని కావ్యంగా చదివితే రసభంగం జరిగింది ఇక్కడే. దీనికి సర్దిచెప్పే మాట నా దగ్గర లేదు, వెతకను కూడా.

ఆ అధికారమే మ్యూజియం పెట్టడానికి కూడా పనికొచ్చిందన్నది ఇంకో చేదు నిజం. 1924 నాటి పురావస్తు చట్టం ఆమె తయారుచేసిందే. తవ్వినవాళ్ళకు మరీ ఎక్కువ వాటా ఇచ్చారని ఇరాక్ జాతీయవాదులు తప్పుపట్టారు, 1936లో ఆ చట్టాన్ని బిగించారు. వాళ్ళ కోపం న్యాయమైనది. అల్ ఉబైద్ గుడి గుమ్మం పైన ఉండే రాగి శిల్పం, రెండు దుప్పుల్ని పట్టుకున్న సింహముఖపు పక్షి, ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అయితే ఆమె రాకముందు వాటా అన్న ప్రశ్న అడిగే ఇరాక్ శాఖే లేదు.

చివరి రోజుల్లో రాజకీయాల్లో ఆమెతో పని తగ్గిపోయింది. ఇంగ్లండులో కుటుంబం ఆస్తి కరిగిపోతోంది. ఆరోగ్యం చెడింది. మిగిలింది మ్యూజియం ఒక్కటే. బాగ్దాద్ ఎండల్లో వస్తువుల్ని సర్ది, జాబితాలు రాసి గది సిద్ధం చేసింది. ఏళ్ళతరబడి ఎడారిలో చూసినవాటిని చివరికి ఇంకొకరు చూసేలా అమర్చడం, రసికురాలు చెయ్యగలిగిన ఆఖరి పని అదే కదా. 1926 జూన్‌లో ఫైసల్ రాజు మొదటి గదిని ప్రారంభించాడు. నెల తిరక్కుండానే, జులై 12న, 58వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, ఆమె నిద్రలోనే పోయింది. పక్కన నిద్రమాత్రలు. తెలిసి చేసిందా, పొరపాటా అన్నది తేలలేదు. ఆ రోజు సాయంత్రమే బాగ్దాద్ మట్టిలో కలిపారు. ఆమె రాసిపెట్టిన డబ్బు ఆరు వేల పౌన్లు. ఆ డబ్బు అండతో 1932లో ఇరాక్ తవ్వకాలకోసం బ్రిటిష్ పురావస్తు పాఠశాల వెలిసింది.

ఇదంతా చదువుతున్నప్పుడు నా మనసు అమరావతి వైపు పోకుండా ఉండదు. కృష్ణ ఒడ్డున మన స్తూపం పలకల్ని 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. 1859లో అవి లండన్‌కు ఓడెక్కాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. మద్రాసులో మిగిలినవి ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. పూర్ణకుంభాలు, వంగి మొక్కుతున్న మనుషులు, పద్మాల మీద పద్మాలు. ఆ పలకలకు పంపకం జరగలేదు, రూపాయి ఎగరలేదు, ఇది ఈ నేల మనుషుల బతుకు, ఇక్కడే ఉండాలి అని పట్టుబట్టి ఆపగలిగిన ఉద్యోగి ఒక్కరూ లేరు. ఉన్నట్టయితే గుంటూరు పిల్లలు బస్సెక్కి వెళ్ళి వాటిని చూసేవారు. అందుకే నాకు బెల్ మీద ఇంత అభిమానం, అందుకే ఆమె రాజకీయం మీద ఇంత కోపం. రెండూ ఒకే మనసులో ఉండటం నాకు కష్టంగా లేదు.

2003 ఏప్రిల్‌లో ఇంకో సైన్యం బాగ్దాద్‌లో అడుగుపెట్టింది. మ్యూజియం దోపిడీకి గురైంది. దాదాపు 15,000 వస్తువులు పోయాయి. కొన్ని తిరిగొచ్చాయి, చాలా రాలేదు. 2015లో తలుపులు మళ్ళీ తెరిచారు. న్యూకాజిల్ వాళ్ళు బెల్ ఉత్తరాలూ ఫోటోలూ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. ఒక సాయంత్రం తీరిక చేసుకుని ఉఖైదిర్ ఫోటోలు ఒక్కొక్కటీ నింపాదిగా చూడండి. తర్వాత అల్ ఉబైద్ పట్టీ బొమ్మ వెతికి పట్టుకుని, ఆ కూజా ఊపుతున్నవాడి భుజాలు చూడండి. ఆవులూ, దూడలూ, వాళ్ళంతా ఇవాళ్టికీ బాగ్దాద్‌లోనే ఉన్నారు.